మహాలయ పక్షంలో కాశీకి వెళ్లేవారు రామనగర్ రామలీల చూడాలంటే

డెబ్బై దాటిన తల్లిదండ్రులను తీసుకొని మహాలయ పక్షంలో ముందు గయకు, అక్కడి నుంచి కాశీకి వెళ్తున్నామని, కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తామని, ఆ రోజుల్లోనే గంగకు అవతలి ఒడ్డున రామనగర్‌లో జరిగే రామలీలను ఒక సాయంత్రం చూడవచ్చునా అని అడిగారు. ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, హిందీ అంతంతమాత్రంగా వచ్చినవారికి ఏమైనా అర్థమవుతుందా అన్నవి మీ మిగిలిన ప్రశ్నలు. తప్పకుండా వెళ్లవచ్చు. నిజానికి ఆ పక్షంలో వేల మంది తెలుగువారు పాండే హవేలీ, కేదార్ ఘాట్ పరిసరాల సత్రాల్లో ఉంటారు. నది దాటితే ఏం జరుగుతోందో తెలియకుండానే వారిలో చాలామంది తిరుగు రైలు ఎక్కుతారు. అయితే ఏ రోజు వెళ్లాలన్న ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. రామనగర్ లీలలో కూర్చునే చోటు కంటే వెళ్లే రోజును ఎంచుకోవడం ముఖ్యం. ఆ రోజు కథ ఏ ఘట్టానికి వచ్చిందన్న దానిని బట్టి ఆట జరిగే చోటు, నడవవలసిన దూరం, జనసందోహం, ఇంటికి చేరే వేళ, అన్నీ మారిపోతాయి.

ఎందుకంటే అక్కడ వేదిక అంటూ ఒక్కటి లేదు. కాశీ రాజుల కోట ఉన్న ఆ ఊరంతా నెల రోజుల పాటు రామాయణ భూగోళంగా మారుతుంది. కోటకు దగ్గరలో అయోధ్య, కొంత ఎడంగా జనకపురి, ఇంకా అవతల చిత్రకూటం, పంచవటి, ఊరి చివర పెద్ద మైదానంలో లంక, ఇలా ఒక్కో ఘట్టానికి ఒక్కో స్థిరమైన స్థలం ఉంది. వీటిలో కొన్నిచోట్ల దీని కోసమే కట్టిన కట్టడాలు ఏడాది పొడవునా నిలిచి ఉంటాయి. కథ కదిలితే పాత్రధారులు కదులుతారు, వారి వెనుక జనం కదులుతారు. 1830 ప్రాంతంలో మహారాజా ఉదిత్ నారాయణ్ సింగ్ హయాంలో ఇది మొదలైందని సాధారణంగా చెబుతారు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ కాలంలో సంభాషణలు, స్థలాలు, క్రమం నేటి రూపానికి వచ్చాయి. నేటికీ కాశీ రాజవంశీకుడు దాదాపు రోజూ వచ్చి లీల చూస్తారు. యునెస్కో 2008లో రామలీల సంప్రదాయాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ప్రస్తావించిన ఊళ్లలో రామనగర్ ఒకటి.

తేదీల సంగతి జాగ్రత్తగా చూడండి, మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. లీల భాద్రపద శుద్ధ చతుర్దశినాడు, అంటే అనంత చతుర్దశినాడు మొదలై సుమారు 31 రోజులు సాగి, ఆశ్వయుజ పౌర్ణమి ప్రాంతంలో ముగుస్తుంది. హైదరాబాదులో ఖైరతాబాద్ వినాయకుడు నిమజ్జనానికి బయలుదేరే రోజే రామనగర్‌లో మొదటి రోజని గుర్తుపెట్టుకుంటే పంచాంగం తిరగేయనక్కర లేదు. కాశీలో దొరికే హిందీ కార్యక్రమ పత్రంలో మాత్రం మహాలయ పక్షం ‘ఆశ్విన కృష్ణ పక్షం’గా ఉంటుంది. అక్కడ పౌర్ణమితో నెల ముగుస్తుంది, మనకు అమావాస్యతో ముగుస్తుంది. కాబట్టి వారి ఆశ్విన కృష్ణ పంచమి మన భాద్రపద బహుళ పంచమి అన్నమాట. శుక్ల పక్షానికి ఈ ఇబ్బంది లేదు. ఏ రోజు ఏ ఘట్టమో, ఎక్కడ జరుగుతుందో స్థానిక హిందీ దినపత్రికల్లో వస్తుంది. సత్రం గుమాస్తాను అడిగినా చెబుతారు. వర్షం పడితే ఆట ఆలస్యం కావచ్చు, అందుచేత ఒక్క సాయంత్రాన్నే నమ్ముకోకుండా మరొకటి చేతిలో ఉంచుకోండి.

మీరు ఉండే రోజుల్లో పడేవి బాలకాండలో మిగిలిన భాగం, అయోధ్యకాండ, అరణ్యకాండ ఆరంభం. వీటిలో మీ తల్లిదండ్రులకు నా మొదటి ఎంపిక జనకపురి ఘట్టాలు. పూలతోటలో సీతారాములు ఒకరినొకరు తొలిసారి చూసుకునే రోజు, ధనుర్భంగం రోజు, కల్యాణం రోజు ఈ కోవలోకి వస్తాయి. ఆట చాలావరకు ఒకేచోట సాగుతుంది, నడక తక్కువ, జనం విజయదశమి నాటి స్థాయిలో ఉండరు. ఒక చిత్రం గమనించండి. మన వైపు పెళ్లిచూపులకు కూడా బయలుదేరని పితృపక్షంలో అక్కడ సీతారాముల కల్యాణం జరిగిపోతుంది, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. శ్రాద్ధకర్మలు చేస్తున్న రోజుల్లో ఆటకు వెళ్లవచ్చునా అని మీ నాన్నగారికి సందేహం కలిగితే మీ పురోహితులనే అడగండి. రామనగర్‌లో ఎవరూ దీనిని వినోదంగా లెక్కించరని మాత్రం చెప్పగలను. కిరీటం పెట్టిన క్షణం నుంచి సీతారాముల వంటి పాత్రలు వేసే పిల్లలు వారికి సాక్షాత్తు దేవుళ్లే. భుజాల మీద మోసుకువెళ్తారు, పాదాలు తాకి నమస్కరిస్తారు.

నడవగలిగిన వారుంటే, నన్నడిగితే, వనగమనం రోజు వెళ్లాలి. రాముడు, సీత, లక్ష్మణుడు నారచీరలతో అయోధ్య విడిచి బయలుదేరితే ప్రేక్షకులు ఆ నిమిషంలో అయోధ్యావాసులు అయిపోతారు. ఎవరూ పాత్ర ఇవ్వరు, ఎవరూ రమ్మనరు, వెంట నడుస్తారు, అంతే. ముందు పెట్రోమాక్స్ దీపాలు, వెనుక చీకటి, మధ్యలో చెప్పులు చేతపట్టుకొని నడిచే ముసలమ్మలు, చంకలో పిల్లలతో తల్లులు. ఆ నడకలో కంట తడి పెట్టుకునేవారు మీ పక్కనే కనిపిస్తారు. మన వీధిభాగవతాల్లో కూడా జనం తెల్లవార్లూ కూర్చుని చూసేవారు గాని, ఇలా కథతో పాటు ఊరు దాటి నడిచే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులని రాశారు కనుక ఆ రోజు పెద్దవాళ్లను బసలో ఉంచి మీరిద్దరూ వెళ్లిరావడం మేలు.

ఇక ఒక సాయంత్రం ఎలా గడుస్తుందో చెబుతాను. ఐదు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. అరగంట ముందు చేరుకోండి. రాజుగారు ఏనుగు మీదనో, గుర్రపు బగ్గీలోనో రాగానే జనమంతా ‘హర హర మహాదేవ’ అని ఎలుగెత్తి పలుకుతారు. కాశీ రాజును శివుడి ప్రతినిధిగా చూడటం అక్కడి ఆచారం. ఒక పక్క రామాయణీలు వలయంగా కూర్చుని తాళమృదంగాలతో తులసీదాసు రామచరితమానస్‌ను పాడుతుంటారు. ఒక భాగం పాడి వారు ఆగగానే, వ్యాస్ అని పిలిచే సూత్రధారి ‘చుప్ రహో! సావధాన్!’ అని కేకవేస్తాడు. అంతమంది నోళ్లు ఒక్కసారిగా మూతపడతాయి. అప్పుడు పాత్రధారి సంభాషణ చెబుతాడు. దీనిని మాటల వేగంతో ఊహించుకోవద్దు. గొంతు మారని పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లవాడు, నుదుటి మీద మెరుపు చుక్కలు, తల మీద బరువైన కిరీటం, ఎదురుగా ఉన్నవారిని కాక ఎక్కడో దూరంగా చూస్తూ, ఒక్కో అక్షరాన్ని సాగదీసి, బలమంతా పెట్టి పలుకుతాడు. వెనుక నిలబడిన వ్యాస్ చేతిలో లావుపాటి పుస్తకం ఉంటుంది. పిల్లవాడు తడబడితే చెవిలో మాట అందిస్తాడు, కొన్నిసార్లు ఆ గుసగుస ముందు వరుసకు వినిపిస్తుంది కూడా. మైకు లేదు, విద్యుద్దీపాలు లేవు, ఉన్నవి పెట్రోమాక్సులు, కాగడాలు. నటన కోసం వెళ్లినవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. అక్కడ ఎవరూ నటించి మెప్పించాలని చూడరు, కూర్చున్న భంగిమ, మౌనం, పక్కన పాడుతున్న చౌపాయి, అంటే మానస్‌లోని పద్యం, కలిసి పని చేస్తాయి.

సంధ్యవేళ రాజుగారు సంధ్యావందనానికి వెళ్తారు, ఆట ఆగుతుంది. దాదాపు గంట సేపు మైదానం జాతరగా మారుతుంది. వేయించిన వేరుశనగలు, చాట్, టీ బండ్లు, సాధువుల కీర్తనలు. పెద్దవాళ్లకు అలసట వస్తే నిశ్శబ్దంగా తిరిగి వెళ్లడానికి ఇదే అనువైన సమయం. ఉండగలిగితే మాత్రం హారతి దాకా ఉండండి. మామూలు రోజుల్లో అది రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య వస్తుంది. స్వరూపాలు, అంటే ఆ దేవతామూర్తులైన పిల్లలు, కదలకుండా నిలబడతారు. మతాబుల తెల్లని వెలుగు ఒక్కసారిగా వారి ముఖాల మీద పడుతుంది. మూడు గంటలుగా మసక దీపాల్లో దూరాన కనిపించిన ఆకారాలు ఆ కొద్ది నిమిషాలే పట్టపగలులా కనిపిస్తాయి. జనమంతా ఆ దర్శనం కోసమే ఎదురుచూస్తుంటారు. ఆ వెలుగు ఆరిపోగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు, కాబట్టి పెద్దవాళ్లను ముందే మైదానం అంచుకు తీసుకువచ్చి అక్కడి నుంచి చూపించండి. కాస్త దూరమైనా ఆ వెలుగులో స్పష్టంగానే కనిపిస్తుంది.

భాష విషయం. పాడేది అవధి, సంభాషణలు పాత తరహా హిందీ. హిందీ బాగా వచ్చినవారికే సగం అందదు, మీరు ఆ విషయంలో వెనుకబడి ఏమీ లేరు. కథ తెలిసిన తెలుగువారికి అడ్డు వచ్చేది భాష కంటే కథలోని తేడాలే. మనం వాల్మీకి వరుసకు అలవాటుపడ్డాం, తులసీదాసు దానిని కొన్ని చోట్ల మార్చాడు. పరశురాముడు పెళ్లయి అయోధ్యకు తిరిగి వెళ్లే దారిలో కాక, విల్లు విరగగానే జనకుని సభకే వస్తాడు. అక్కడ లక్ష్మణుడితో ఆయన వాదన చాలాసేపు సాగుతుంది, జనం పగలబడి నవ్వుతారు. కల్యాణానికి ముందు పూలతోట ఘట్టం వాల్మీకంలో లేదు. తరువాతి రోజుల్లో రావణుడు ఎత్తుకుపోయేది మాయాసీతను, అసలు సీత అంతకు ముందే అగ్నిలో దాగుతుంది. ఇవి తెలుసుకొని వెళ్తే ‘ఇదేమిటి, ఇక్కడ ఈయన ఎందుకు వచ్చాడు’ అని మీ నాన్నగారు మధ్యలో అడగవలసిన పని ఉండదు. గీతాప్రెస్ వారు తెలుగు లిపిలో మానస్ ప్రచురించారు. ఆ రోజు ఘట్టం వరకు మధ్యాహ్నం ఒకసారి చదివించండి. అక్కడ ‘నేమీ’లని పిలిచే నిత్య ప్రేక్షకులుంటారు. నెలంతా ఒక్క రోజు తప్పకుండా వచ్చే నియమం వారిది. తెల్లని పంచె, నుదుట చందనం, చేతిలో కర్ర, ఒడిలో మానస్, దాని మీద చిన్న టార్చి వెలుగు. ఏ చౌపాయి నడుస్తోందో వేలు పెట్టి చూసుకుంటారు. అటువంటి ఒకరి పక్కన కూర్చుంటే చాలు. ‘ఏ కాండ, బాబా?’ అని అడిగితే పుట చూపిస్తారు, లిపి వేరైనా దోహా (రెండు పాదాల పద్యం) సంఖ్యను బట్టి మీ పుస్తకంలో పట్టుకోవచ్చు.

వెళ్లే దారి ఇప్పుడు సులువే. పూర్వం వానాకాలంలో పీపాల వంతెన తీసేసేవారు, నది పొంగితే పడవలు నడిచేవి కావు, రాజఘాట్ వంతెన మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. 2017 నుంచి సామ్నేఘాట్ దగ్గర పక్కా వంతెన ఉంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ముఖద్వారం వైపు నుంచి ఆ వంతెన మీదుగా రామనగర్ కోట దగ్గరే. సెప్టెంబరులో గంగ నిండుగా ఉంటుంది, పడవ మీద వెళ్దామని ఎవరు ఆశపెట్టినా పెద్దవాళ్లతో వద్దు. ఒక జాగ్రత్త ఉంది. కాశీలో విశ్వవిద్యాలయం ఎదుటి పేటను కూడా ‘లంక’ అనే అంటారు. రామనగర్‌లో రామలీల లంక వేరు. లీలకు అని చెప్పకుండా ‘లంకకు పోనీ’ అంటే ఆటోవాడు మిమ్మల్ని నది ఇవతలే దింపి డబ్బులు అడుగుతాడు, అందులో అతని తప్పేమీ లేదు. ‘రామనగర్, రామలీల’ అని చెప్పి, ఆ రోజు స్థలం పేరు కూడా జోడించండి. రాత్రి తిరుగు ప్రయాణానికి అప్పటికప్పుడు ఆటో దొరుకుతుందని నమ్ముకోవద్దు. అందరూ ఒకేసారి బయలుదేరతారు. రానుపోను ఒకే వాహనం మాట్లాడుకొని, ఎక్కడ ఆగుతాడో చూసుకొని, డ్రైవరు నంబరు మీ ఇద్దరి దగ్గరా ఉంచుకోండి.

ప్రవేశ రుసుము, టికెట్టు, రిజర్వేషను ఏవీ లేవు. డబ్బు తీసుకొని ముందు వరుసలో కూర్చోబెడతామని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి పక్కకు రండి. నేల మీద కూర్చోవాలి. మందపాటి దుప్పటి ఒకటి, మోకాళ్లు వంగనివారికి మడత కుర్చీ ఒకటి, వాన పడితే కప్పుకోవడానికి పెద్ద ప్లాస్టిక్ పట్టా ఒకటి తీసుకువెళ్లండి. కుర్చీ వేసుకుంటే వెనుక అంచునే వేసుకోవాలి, స్వరూపాలు నేల మీద నడిచే చోట ఎత్తుగా కూర్చోవడాన్ని అక్కడివారు సహించరు. తాగునీరు, దోమల మందు, వేసుకోవలసిన మాత్రలు మీ సంచిలోనే ఉండాలి. మరుగుదొడ్ల వసతి తక్కువ, కనుక బసలోనే చూసుకొని బయలుదేరడం మంచిది. వానపడిన మర్నాడు మైదానాలు బురదగా ఉంటాయి, జారని చెప్పులు అవసరం. ఫొటోలు, వీడియోలు తీయడం నిషేధం. ఫోను జేబులో నుంచి తీస్తేనే పక్కవారు వారిస్తారు, వాదించకండి. విద్యుద్దీపాలే పెట్టని చోట తెరల వెలుగు ఎంత చికాకు కలిగిస్తుందో వెళ్లాక మీకే తెలుస్తుంది.

తొమ్మిది రాత్రుల నిద్ర నియమం పెట్టుకున్నామన్నారు. రామనగర్ గంగకు తూర్పు ఒడ్డున ఉంది, క్షేత్ర పరిధిలోకి రాదు. కాబట్టి ఎంత రాత్రయినా తిరిగి వచ్చి కాశీలోనే పడుకోవాలి. చివరి ఘట్టాల్లో ఒకటైన పట్టాభిషేకం రోజు రాత్రంతా సాగి తెల్లవారుజామున ‘భోర్ కీ ఆరతి’తో ముగుస్తుంది, రాజుగారు దానికి నడిచే వస్తారు. అది చూడాలంటే ఈ నియమం లేని మరో ప్రయాణం పెట్టుకోవలసిందే. మీ తేదీలు ఎలాగూ అంతవరకు పోవు.

మీ ప్రయాణం ఏ కారణం చేతనైనా దసరా వైపు జరిగితే, విజయదశమినాడు రామనగర్‌కు పెద్దవాళ్లతో వెళ్లవద్దు. లంక మైదానం నిండిపోతుంది. అయినా ఆ రోజు విశేషం పేలే రావణుడి బొమ్మలో కంటే రావణ పాత్రధారిలో ఉంది. ఆయన పది తలల ముసుగు తీసి, రాముడి పాదాలకు నమస్కరించి, జనంలోంచి మామూలు మనిషిగా వెళ్లిపోతాడు. ఒక రాజు మరో రాజు మరణాన్ని చూడకూడదన్న మర్యాదతో కాశీ రాజు ఆ సమయానికి అక్కడ ఉండరు. విజయదశమి లీలకు బదులు మరునాడు ఏకాదశినాడు కాశీ నగరంలోనే నాటీ ఇమ్లీ దగ్గర జరిగే భరత్ మిలాప్ చూడండి. ఇది రామనగర్ లీల కాదు, అంతకంటే పాతది, మరొక సంఘం నడిపేది. సూర్యాస్తమయానికి కాస్త ముందు నలుగురు అన్నదమ్ములు కలుసుకోవడం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రద్దీ అక్కడా విపరీతమే. ఏదైనా మేడ మీద చోటు దొరికితేనే పెద్దవాళ్లను తీసుకువెళ్లండి.

ఇంకొక్క మాట. కాశీకి వచ్చిన తెలుగువారు వ్యాసకాశీ అని ఒక పూట రామనగర్ వెళ్లి, కోటలోని వ్యాసేశ్వరుణ్ణి దర్శించి, మధ్యాహ్నానికే తిరిగి వచ్చేస్తారు. మీరు ఆ పనిని లీల చూసే రోజే పెట్టుకోండి. మూడున్నరకు వంతెన దాటితే దర్శనం, కోట చూడటం అయ్యేసరికి లీల వేళ అవుతుంది. మధ్యలో రామనగర్ లస్సీకి పావుగంట మిగులుతుంది, మట్టి ముంతలో పైన మీగడ వేసి ఇస్తారు. ఆ రోజు ఉపవాసమో, ఒంటిపూట భోజనమో ఉంటే దాని సంగతి మీ అమ్మగారే చూసుకుంటారు. తేదీలు ఖరారయ్యాక ఇక్కడ రాయండి, ఆ తిథికి ఏ ఘట్టం పడుతుందో, దానికి ఎంత నడక ఉంటుందో చెబుతాను.